విమానంలో ఇద్దరు పైలట్లు

ప్రయాణికులను తీసుకెళ్లే పెద్ద విమానాన్ని కనీసం ఇద్దరు పైలట్లు నడపాలన్నది ప్రపంచమంతటా అమల్లో ఉన్న నియమం. ఎడమ సీట్లో కెప్టెన్, కుడి సీట్లో కో-పైలట్ కూర్చుంటారు. ఒకరికి ఒంట్లో బాగోకపోతే రెండోవారు ఆదుకుంటారన్నది అందరికీ తోచే కారణం. అలాంటి అవసరం ఎప్పుడో గాని రాదు. రెండో పైలట్‌తో ప్రతి ప్రయాణంలోనూ పడే పని వేరే ఉంది.

అదేమిటో ఒక చిన్న విమానంలో చూద్దాం. విశాఖపట్నానికి వాయవ్యంగా అరకు కొండలు దాటితే ఒడిశాలోని జయపురం వస్తుంది. అక్కడికి 2022లో ఉడాన్ పథకం కింద తొమ్మిది సీట్ల సెస్నా గ్రాండ్ కారవాన్ విమానాలు మొదలయ్యాయి. ఒకే ఇంజనున్న ఈ రకం విమానాన్ని ఒక్క పైలట్ నడపొచ్చని ధ్రువీకరణ ఉంది. అయినా టికెట్టు కొన్న ప్రయాణికులు ఎక్కితే ముందు సీట్లలో ఇద్దరు పైలట్లుంటారు. అరకు చుట్టుపక్కల 1,600 మీటర్లు దాటిన శిఖరాలున్నాయి. వానాకాలంలో మబ్బు దిగితే అవి కనపడవు. అలాంటి చోట రేడియోలో మాట్లాడటం, మ్యాపు చూడటం, ఎత్తు సరిచూసుకోవడం, విమానాన్ని నిలకడగా పట్టుకోవడం అన్నీ ఒక్క మనిషి మీదే పడితే వాటిలో ఏదో ఒకటి వెనకబడుతుంది.

అందుకే పని పంచుకుంటారు. ఒకరు నడిపే పైలట్, మరొకరు గమనించే పైలట్. కెప్టెనే ఎప్పుడూ నడపడు. ఒక ప్రయాణం ఒకరిదైతే తర్వాతిది రెండోవారిది. రన్‌వే మీద పరుగు మొదలయ్యాక గమనించే పైలట్ బోయింగ్‌లో 80 నాట్ల దగ్గర, ఎయిర్‌బస్‌లో 100 నాట్ల దగ్గర వేగాన్ని పైకి చదువుతాడు. నడిపే పైలట్ తన ముందున్న వేగసూచిక చూసి ‘చెక్’ అంటాడు. ఇద్దరి సూచికలకూ గాలి ఒత్తిడి వేర్వేరు గొట్టాల నుంచి అందుతుంది. ఒక గొట్టం మూసుకుపోయి ఉంటే అంకెలు కలవవు, విమానాన్ని ఇంకా ఆపగలిగే వేగంలోనే సంగతి బయటపడుతుంది. ఒంటరి పైలట్‌కు ఈ సరిచూపు దొరకదు.

అరకు మీదుగా వెళ్లే కొత్తవలస–కిరండోల్ రైలు మార్గంలోనూ ఇదే పద్ధతి చూడొచ్చు. సిగ్నల్ కనపడగానే లోకో పైలట్, అసిస్టెంట్ లోకో పైలట్ దాన్ని పైకి పలికి ఒకరికొకరు ఖాయపరుచుకుంటారు.

అయితే ఇద్దరుంటేనే భద్రత వచ్చేయదు. దానికి తెలుగువాళ్లు మరిచిపోలేని ఉదాహరణ అరకు కొండల్లాగే తూర్పు కనుమల్లోకి వచ్చే నల్లమలలో ఉంది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టర్‌కు రెండు ఇంజన్లు, ఇద్దరు పైలట్లు. దారిలో ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ఒత్తిడి గురించి హెచ్చరిక వచ్చింది. ఏం చెయ్యాలో పుస్తకంలో వెతకడంలోనే పైలట్లకు ఆరు నిమిషాలకు పైగా గడిచిపోయిందని విచారణ కమిటీ తేల్చింది. బయట వాతావరణం అప్పటికే భీకరంగా ఉంది. బలంగా కిందికి తోసే గాలిలో చిక్కిన హెలికాప్టర్ అదుపు తప్పి పావురాలగుట్ట మీద కూలింది. అందులో ఉన్న అయిదుగురూ చనిపోయారు. ఆచూకీ మర్నాడు గాని దొరకలేదు. ఆ ఆరు నిమిషాల సంగతి చదివితే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఒకరు పుస్తకం తిరగేస్తున్నంతసేపూ రెండోవారి చూపు బయటి మబ్బు మీద, ఎత్తు మీద ఉండాలన్నదే ఈ విధానానికి ప్రాణం.

1972 డిసెంబరు 29 రాత్రి మయామీ దగ్గర ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానం కూడా ఇలాగే పోయింది. ముందు చక్రం దిగిందని చూపే చిన్న బల్బు వెలగలేదు. సిబ్బంది అంతా దాని మీద పడ్డారు. ఆటోపైలట్ ఎత్తును పట్టి ఉంచడం మానేసిన సంగతి ఎవరూ గమనించలేదు. విమానం చిత్తడి నేలలోకి దిగిపోయి 101 మంది మరణించారు. ఇలాంటి ప్రమాదాల దరిమిలా 1979లో నాసా జరిపిన సదస్సు నుంచి ‘క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్’ అనే శిక్షణ పుట్టింది. లోపం వస్తే ముందు నడిపేదెవరో తేల్చుకోవాలి, చెక్‌లిస్టు రెండోవారు చదవాలి. పగ్గాలు చేతులు మారేటప్పుడు ‘యూ హావ్ కంట్రోల్’, ‘ఐ హావ్ కంట్రోల్’ అని ఇద్దరూ పైకి అనాలి.

పెద్దరికం దగ్గర మరో చిక్కు వస్తుంది. 2010 మే 22న మంగళూరులో దిగుతున్న ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానంలో కో-పైలట్ ల్యాండింగ్ మానుకుని మళ్లీ పైకి లేద్దామని ముందే అన్నాడు. కెప్టెన్ దించాడు, 158 మంది చనిపోయారు. పెద్దవారి మాటకు ఎదురుచెప్పకూడదని పెరిగిన మనలాంటి చోట ఈ శిక్షణ మరింత గట్టిగా ఉండాలి. రెండుసార్లు పిలిచినా సరైన జవాబు రాకపోతే రెండో పైలట్ పగ్గాలు అందుకోవాలన్నది చాలా సంస్థల పద్ధతి.

అత్యవసరంలో రెండో మనిషి విలువ 1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానంలో తెలిసింది. కాక్‌పిట్ అద్దం ఊడి కెప్టెన్ సగం శరీరాన్ని గాలి బయటికి లాగేస్తే, సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని ఉండగా కో-పైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్ కూడా బతికాడు.

ఒకప్పుడు కాక్‌పిట్‌లో నావిగేటర్, రేడియో ఆపరేటర్, ఫ్లయిట్ ఇంజనీర్ కూడా ఉండేవారు. పరికరాలు మెరుగుపడేకొద్దీ ఒక్కొక్కరే తగ్గి, 1980లలో వచ్చిన బోయింగ్ 767, ఎయిర్‌బస్ ఎ310 నాటికి ఇద్దరే మిగిలారు. చాలా గంటలు సాగే దూరప్రయాణాల్లో మాత్రం వంతులవారీగా నిద్రపోవడానికి అదనపు పైలట్లు ఎక్కుతారు. ఆకాశంలో నిలకడగా సాగే సమయంలో ఒక్కరినే సీట్లో ఉంచి రెండోవారికి విశ్రాంతి ఇవ్వొచ్చన్న ప్రతిపాదనను ఐరోపా విమాన భద్రతా సంస్థ అధ్యయనం చేయించింది. ఇప్పటి కాక్‌పిట్‌లతో అది ఇద్దరున్నంత భద్రమని చూపలేమని 2025లో తేల్చింది.