కాకతీయరాజ్యమునఁ బ్రసూతిశాల, ఆరోగ్యశాల

ఏకశిలానగరచరిత్రము వ్రాసినవారు దుర్గములను, తటాకములను, దేవాలయములను విరివిగా వర్ణించిరి. రామప్పగుడి క్రీ. శ. 1213 నాఁటిదనియుఁ, బాకాలచెఱువు గణపతిదేవుని కాలపుదనియు బడిపిల్లలును జెప్పఁగలరు. ఆ చెఱువునీటఁ బైరు పండించి, జ్వరము తగిలి మంచము పట్టినవానికి మందిచ్చినవారెవరు? పురిటినొప్పులు పడు స్త్రీకడఁ గూర్చున్నవారెవరు? ఈ ప్రశ్నములకు మాత్ర మా గ్రంథములలో నుత్తరము స్వల్పము. ఉన్న యాధారములలో ముఖ్యమైనది యోరుఁగంట లేదు. ఓరుఁగంటి సింహాసనపు దానమును దెలుపుచుఁ గృష్ణకు దక్షిణతీరమున, గుంటూరుమండలములో నిలిచిన మల్కాపురపు శిలాస్తంభమున నున్నది.

ఆ శాసనము శ. సం. 1183, అనఁగా క్రీ. శ. 1261 నాఁటిది. ప్రతిగ్రహీత గోళకీమఠమునకుఁ జెందిన విశ్వేశ్వరశివాచార్యుఁడు. గౌడదేశమున దక్షిణరాఢయందలి పూర్వగ్రామమువాఁడు, గణపతిదేవునకు దీక్షాగురువు. గణపతిదేవుఁ డీయఁదలఁచిన మందరగ్రామమును రుద్రమదేవి వెలగపూడితోఁగూడ నాయనకు ధారవోసెను. మందరమనునది నేఁటి మందడము. వెలగపూడి నేఁడు ఆంధ్రప్రదేశ సచివాలయమున్న యూరే.

ఆచార్యుఁడా గ్రామముల యాదాయమును మూఁడు పాళ్లు చేసెను. ఒక పాలు శివునకు. ఒక పాలు విద్యార్థులకును శుద్ధశైవమఠమునకును. మూఁడవపాలు ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, విప్రసత్రమునకును. రుద్రమదేవి యూరూరఁ బ్రసూతిశాలలు గట్టించెనని యిటీవల వ్రాయుచున్నారు. ఈ శాసనమంతమాట చెప్పుట లేదు. భూమి రాణిది, వినియోగపుటేర్పాటు గురువుది. ఉన్నంతమాత్రము చెప్పినను రాణికీర్తికి లోటు రాదు. అట్లే బ్రాహ్మణుఁడు మొదలు చండాలునివఱకు వచ్చినవారికెల్లఁ గాదనక యన్నము పెట్టవలెనను నియమము గొప్పదే గాని, యది యన్నసత్రమును గూర్చినది. దానిని జికిత్సకుఁగూడ నన్వయించుట వాక్యార్థమును మీఱుట యగును.

శబ్దవిచారమొకటి యిచ్చట నవసరము. అరోగుని భావమారోగ్యము, ష్యఞ్‌ప్రత్యయాంతము. రోగులుండుచోటికి రోగమునుబట్టి కాక, పొందఁదగిన ఫలమునుబట్టి పేరిడిరి. ప్రసూతియన్ననో, ప్రాణిగర్భవిమోచనార్థకమగు ‘షూఙ్’ ధాతువుమీఁదఁ గ్తిన్ వచ్చిన రూపము. దీనికి వేఱుగా శాల నిర్మించుటచేతఁ బ్రసవము వ్యాధులలోఁ జేర్పఁబడలేదని తేలుచున్నది. ఇది యాయుర్వేదమర్యాదకు సరిపోవును. చరకుఁడును, సుశ్రుతుఁడును సూతికాగారమును బ్రత్యేకముగా విధించిరి.

ఇఁక నీ శాలలలోఁ బనిచేసినవారెవరు? శాసనము పరివారమును జక్కఁగానే లెక్కించినది. వేదములకు మువ్వురధ్యాపకులు, పదవాక్యప్రమాణసాహిత్యాగమములకైదుగురు, నర్తకులు, వాద్యకులు, వంటవారు, గ్రామరక్షకులు, ఆయపు లెక్కలకుఁ గాయస్థుఁడు. చికిత్సావృత్తిచేఁ బేర్కొనఁబడినవాఁడు వైద్యుఁడొక్కఁడే. రెండుశాలలకు నొక్కవైద్యుఁడు చాలునా? చరకమతమునఁ జికిత్సకు భిషక్కు, ద్రవ్యము, ఉపస్థాత, రోగి యను నాలుగు పాదములు. ఉపస్థాతకుఁ బరిచర్యాజ్ఞానము, దక్షత, అనురాగము, శౌచము గుణములు. సుశ్రుతుఁడు ప్రసవమునకు వయసుమీఱి, నేర్పుగలిగి, గోళ్లు కత్తిరించుకొన్న నలువురు స్త్రీలుండవలెననెను. గోళ్లమాట చెప్పుట చిన్న విషయము కాదు. పురిటికడ శుభ్రత యెంతటిదో యెఱిఁగినవాని మాట యది.

సుమారు రెండువందల యేండ్లకుముందు, క్రీ. శ. 1069 ప్రాంతమున, వీరరాజేంద్రచోళుని తిరుముక్కూడలు శాసనము పదునైదు మంచముల యారోగ్యశాలను వర్ణించుచు వైద్యునకు, శస్త్రవైద్యునకు, మూలికలు తెచ్చు నిద్దఱకు మాత్రమే కాక, రోగులకు మందిచ్చు పరిచారికలకును, మంగలికిని జీతములు నిర్ణయించినది. మల్కాపురమున నా పరిచారిక పేరు లేదు. మంగలి మాత్రము కలఁడు; కాని యారోగ్యశాలయందుఁ గాక, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి మొదలగు గ్రామవృత్తులవారి వరుసలో నున్నాఁడు.

ఈ మంగలివృత్తియే చిక్కు విప్పునేమో. తెలుఁగునాట గడ్డలు కోయుట, పుండ్లు కట్టుట మంగలిపని. అతని యింటి స్త్రీలు పురుళ్లు పోయుట పలుచోట్ల వాడుక. ఆలోచింపఁగా మంగలికిచ్చిన వృత్తిలోనే యతని భార్య పనియు నిమిడియుండును. ఇది యూహయే. కాని యీ యూహ లేనిచోఁ బ్రసూతిశాలను జేతులు లేని శాలగాఁ దలఁపవలసివచ్చును. పురిటియింట వైద్యుఁడు కూర్చుండుట నాఁటి యాచారమునకు దూరము.

మంత్రసాని యను పేరిలోని ‘సాని’ స్వామినీశబ్దభవము, దొరసానియందువలె గౌరవవాచకము. పేరింత గౌరవము గలదైనను, పురిటిమైల తీఱువఱకుఁ బిలిచి, తీఱినపిదప నామెను గడపవెలుపల నిలిపినవారు పెక్కండ్రు. శాసనములు వ్రాయించినవారును గడపలోపలివారే గదా!

వరంగల్లునఁ గాకతీయుల పేర వైద్యకళాశాల 1959 లో వెలసినది. అంతకుముందును, ఆ పిదపఁ గొంతకాలమును ఆ మండలపుఁ బల్లెలలోఁ బురుళ్లు పోసినది మంత్రసానులే. చేటెడు బియ్యము, ఒక పాతచీర వారి కూలి.