క్రిప్టో లావాదేవీలకు మొబైల్ యాప్ మేలా, వెబ్‌సైట్ మేలా? భీవండి నేత కుటుంబాలకు ఒక వివరణ

మన సరిహద్దు పల్లెలకు భీవండి కొత్త ఊరు కాదు. మహారాష్ట్రలోని ఠాణే జిల్లాలో, ముంబయికి చేరువలో ఉన్న ఈ మరమగ్గాల పట్టణానికి తెలంగాణ జిల్లాల నుండి నేత కుటుంబాలు తరతరాలుగా వలస వెళ్తున్నాయి. పద్మనగర్, కామత్‌ఘర్ వీధులలో ఈనాటికీ తెలుగు మాట వినిపిస్తుంది. అక్కడ సాంచాల మీద సంపాదించిన పగారులో కొంత ఊరిలోని ఇంటికి చేరుతుంది. చిట్టీకి, పిల్లల ఫీజుకు, పెళ్ళికి, పొలం అప్పుకు అదే ఆధారం. ఇటీవలి సంవత్సరాలలో ఆ సొమ్ములో కొంత మరో దారి పట్టింది. ఆ దారి పేరు క్రిప్టో కరెన్సీ.

"ఫోనులో చేస్తే మంచిదా సార్, కంప్యూటరులో చేస్తే మంచిదా?" అని మా పూర్వ విద్యార్థులు తరచు అడుగుతున్నారు. ప్రశ్న చిన్నదే. సమాధానం మాత్రం ఇంటింటికీ మారుతుంది. ఈ వ్యాపారంలో దిగమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. దిగినవారు, దిగబోయేవారు, ఊరి నుండి వారి క్షేమం కోరే తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయాలను ఒకచోట చేర్చడమే ఉద్దేశం.

ముందుగా రెండు మాటలు

2008లో సతోషి నకమోటో అనే పేరుతో వెలువడిన పత్రం బిట్‌కాయిన్‌కు మూలం. 2009 జనవరిలో అది ఆచరణలోకి వచ్చింది. దీనిని ఏ ప్రభుత్వమూ ముద్రించదు. లెక్కల పుస్తకం ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఒకేసారి నడుస్తుంది. ఒకసారి పంపిన నాణెం తిరిగి రాదు. బ్యాంకుకు వెళ్ళి "పొరపాటు జరిగింది, ఆపండి" అని చెప్పుకొనే వీలు ఇందులో లేదు. ఈ ఒక్క లక్షణాన్ని గుర్తుంచుకుంటే మిగిలిన జాగ్రత్తలన్నీ సులభంగా అర్థమవుతాయి.

కొనేవారిని, అమ్మేవారిని కలిపే అంగడిని ఎక్స్‌చేంజ్ అంటారు. మొబైల్ యాప్, వెబ్‌సైట్ అనేవి రెండు వేర్వేరు అంగళ్ళు కావు. ఒకే అంగడికి ఉన్న రెండు తలుపులు. ఖాతా ఒకటే, అందులోని సొమ్ము ఒకటే. కావున ఏ తలుపు అని ఆలోచించే ముందు ఆ అంగడి ఎవరిది అని విచారించాలి.

మొబైల్ యాప్: లాభములు, లోపములు

చేతిలో ఉండడమే ఫోనుకు ఉన్న మొదటి బలం. క్రిప్టో అంగడికి సెలవు లేదు. రాత్రి, పగలు, ఆదివారం, పండుగ అన్న తేడా లేకుండా ధరలు కదులుతూనే ఉంటాయి. ధర ఒక హద్దు దాటితే యాప్ వెంటనే కబురు చెబుతుంది. వేలిముద్రతో తెరుచుకుంటుంది. పైగా ఫోనులో ఒక యాప్ దాచుకున్న సమాచారాన్ని మరొక యాప్ సులభంగా చూడలేని ఏర్పాటు ఉంటుంది. ఇది మంచి రక్షణ.

లోపమూ ఆ చేతిలో ఉండడంలోనే ఉన్నది. రాత్రి పాళీలో, సాంచాల చప్పుడు మధ్య, నిద్రమత్తులో ఒక వేలి తాకుడుతో కొనుగోలు జరిగిపోతుంది. చిన్న తెర మీద ఒక సున్నా ఎక్కువ పడినా కనిపించదు. కొన్ని యాప్‌లలో "వెంటనే కొనండి" అనే మీట ఉంటుంది. అక్కడ చూపే ధరలోనే వారి లాభం కలిసి ఉండవచ్చు. నూలు కొనే సేఠ్ నాలుగు దుకాణాలలో ధర అడుగుతాడు. ఆ మీట నొక్కేవాడు ఒక్క దుకాణంలోనూ అడగడు.

ఫోను పోవడం మరొక ప్రమాదం. పది మంది ఉండే గదిలో ఛార్జింగుకు పెట్టిన ఫోను, అందరికీ తెలిసిన నాలుగంకెల రహస్య సంఖ్య ఉంటే, అది తాళం చెవి తగిలించి ఉన్న పెట్టె వంటిదే. ఓటీపీ కూడా ఆ ఫోనుకే వస్తుంది కాబట్టి రెండు తాళాలు ఒకే గుత్తిలో ఉన్నట్లు లెక్క.

వెబ్‌సైట్: లాభములు, లోపములు

కంప్యూటరు తెర పెద్దది. కొనేవారు ఎంతకు అడుగుతున్నారు, అమ్మేవారు ఎంతకు ఇస్తామంటున్నారు అన్న పట్టిక అంతా ఒక్కచోట కనిపిస్తుంది. "ఎంత ధర ఉంటే అంతకు" అనే మార్కెట్ ఆర్డరుకు, "ఈ ధరకైతేనే" అనే లిమిట్ ఆర్డరుకు ఉన్న తేడా అక్కడ స్పష్టంగా తెలుస్తుంది. కొత్తవారికి లిమిట్ ఆర్డరే క్షేమం. సంవత్సరం మొత్తం లావాదేవీల జాబితాను దింపుకొని ముద్రించుకోవడానికి కూడా వెబ్‌సైట్ అనుకూలం. పన్ను పత్రం నింపేటప్పుడు ఈ జాబితా తప్పనిసరి.

వెబ్‌కు ఉన్న పెద్ద లోపం నకిలీ చిరునామా. ఒక్క అక్షరం తేడాతో అసలు సైటు వలెనే కనిపించే మోసపు సైట్లు ఉంటాయి. వెతికినప్పుడు పైన వచ్చే ప్రకటన నొక్కి లోపలికి పోకూడదు. సరైన చిరునామాను ఒకసారి నిర్ధారించుకొని, బుక్‌మార్క్ చేసుకొని, ఎల్లప్పుడూ దాని నుండే వెళ్ళాలి. బ్రౌజరుకు తగిలించే చిన్న చిన్న ఎక్స్‌టెన్షన్లలో దొంగవి ఉండవచ్చు. కాపీ చేసిన వాలెట్ చిరునామాను రహస్యంగా మార్చివేసే వైరసులూ ఉన్నాయి. కావున పంపే ముందు చిరునామాను మొదటి నుండి చివరి వరకు పోల్చి చూడాలి. మొదట చాలా చిన్న మొత్తం పంపి, చేరిందని తెలిసిన తరువాతే మిగిలినది పంపాలి.

తెరను గుడ్డిగా నమ్మరాదనడానికి ఒక పెద్ద ఉదాహరణ ఉన్నది. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ అనే విదేశీ ఎక్స్‌చేంజ్ నుండి సుమారు 150 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో దొంగతనానికి గురైంది. వారు వాడే వాలెట్ వెబ్ పేజీలోనే దొంగలు మార్పు చేశారు. తెరపై కనిపించిన లావాదేవీ ఒకటి, ఆమోదం పడిన లావాదేవీ మరొకటి. అంతటి నిపుణులే మోసపోయారు.

కంప్యూటరు లేని ఇంటి మాటేమిటి?

పెద్ద లావాదేవీలకు కంప్యూటరే మేలని చాలామంది చెబుతారు. ఆ మాటలో ఒక షరతు దాగి ఉన్నది: కంప్యూటరు మీ సొంతమై ఉండాలి. భీవండిలో పది అడుగుల గదిలో నలుగురు ఉండే కార్మికుడికి సొంత కంప్యూటరు ఎక్కడిది? అతడు వెళ్ళేది ఇంటర్నెట్ సెంటరుకు. అక్కడి యంత్రంలో టైపు చేసిన ప్రతి అక్షరాన్నీ దాచుకొనే ప్రోగ్రాము ఉండవచ్చు. లాగౌట్ చేయడం మరచిపోతే తరువాత కూర్చున్నవాడికి ఖాతా తెరిచి ఇచ్చినట్లే.

కావున సొంత కంప్యూటరు లేనివారికి వెబ్ కంటే సొంత ఫోనే నయం. ఇంటర్నెట్ సెంటరులో గాని, సేఠ్ కార్యాలయపు కంప్యూటరులో గాని, స్నేహితుని ఫోనులో గాని ఖాతా తెరవకూడదు. సొంత కంప్యూటరు ఉన్నవారు ఫోనును ధర చూడడానికి, వెబ్‌ను కొనుగోలు, అమ్మకం, లెక్కలకు వాడుకోవడం ఉత్తమం. ఫోను నుండి కంప్యూటరుకు వెళ్ళే లోపల కలిగే ఆ పది నిమిషాల ఆలస్యమే మనసును ఆలోచింపజేస్తుంది.

నకిలీ యాప్: అసలు ప్రమాదం

ఒక సంఘటన చెబుతాను. మా విద్యార్థి తండ్రి ఒకరు, మరమగ్గాల కార్మికుడు, ఒకనాడు తన ఫోను చూపించారు. తెర మీద ఆయన పెట్టిన రూ. 40,000 కాస్తా రూ. 1,10,000 అయినట్లు ఉన్నది. తీసుకోబోతే "ముందుగా పన్ను కట్టండి" అని సందేశం వచ్చింది. ఒకసారి కట్టారు. మళ్ళీ అడిగారు. ఆ యాప్ స్టోరులో దొరికినది కాదు, సందేశంలో వచ్చిన లింకు ద్వారా ఎక్కించుకున్నది. తెరపై అంకెలు తప్ప లోపల ఏమీ లేదు. ఊరిలో ఇంటి పైకప్పు కోసం దాచిన ఆ సొమ్ము తిరిగి రాలేదు. ఆయన అప్పటికి ఇంట్లో కూడా చెప్పలేదు. సొమ్ము పోవడం కంటే ఆ మౌనమే ఆయనను ఎక్కువగా కుంగదీసింది.

ఈ సంఘటన నుండి గ్రహించవలసినవి ఇవి. సందేశంలో వచ్చే ఏపీకే ఫైలును ఎన్నడూ ఎక్కించుకోరాదు. సొమ్ము తీసుకోవడానికి ముందుగా సొమ్ము కట్టమనే చోటు మోసమే. అసలైన ఎక్స్‌చేంజ్‌లో టీడీఎస్ మీ అమ్మకం నుండే కోత పడుతుంది గాని విడిగా ఎవరి ఖాతాకూ పంపమనరు. "సహాయం చేస్తాం" అంటూ తెరను పంచుకొనే యాప్ ఎక్కించమంటే ఫోను పెట్టేయాలి.

సొంత వాలెట్ వాడేవారికి 12 లేదా 24 పదాల రహస్య వరుస ఉంటుంది. దానిని కాగితం మీద వ్రాసుకోవాలి, ఫోటో తీయరాదు. ఫోనులోని ఫోటోలను చదివి ఇటువంటి పదాలను దొంగిలించే స్పార్క్‌క్యాట్ అనే ప్రోగ్రామును 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ సంస్థ బయటపెట్టింది. అది గూగుల్, యాపిల్ స్టోర్లలోని కొన్ని యాప్‌లలోనే దాగి ఉన్నది.

చట్టం ఏమంటున్నది?

2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు, క్రిప్టో వ్యాపారులకు సేవలు అందించవద్దని బ్యాంకులను ఆదేశించింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. కొనడం, అమ్మడం నేరం కాదు. అయితే క్రిప్టో మన దేశంలో చెల్లుబాటయ్యే కరెన్సీ కాదు. బ్యాంకు డిపాజిట్లకు ఉన్న రూ. 5 లక్షల బీమా వంటి రక్షణ దీనికి లేదు.

2023 మార్చి నుండి క్రిప్టో ఎక్స్‌చేంజ్‌లు మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి వచ్చాయి. అవి ఆర్థిక నిఘా విభాగం వద్ద, అనగా ఎఫ్‌ఐయూ వద్ద, నమోదు కావాలి. అదే ఏడాది డిసెంబరులో నమోదు కాని 9 విదేశీ సంస్థలకు నోటీసులు వెళ్ళాయి. 2024 జనవరిలో వాటి యాప్‌లు స్టోర్ల నుండి మాయమయ్యాయి, వెబ్‌సైట్లను అడ్డుకున్నారు. నమోదును ముందుగా చూడనివారికి ఒకే నెలలో రెండు తలుపులూ మూసుకున్నాయి.

పన్ను లెక్క

2022 ఏప్రిల్ 1 నుండి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను, దానిపై సెస్సు ఉన్నాయి. 2022 జూలై 1 నుండి చట్టం చెప్పిన పరిమితి దాటిన అమ్మకం విలువపై 1 శాతం టీడీఎస్ కోత ఉన్నది. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరొక నాణెం లాభంలో తగ్గించుకోరాదు.

ఉదాహరణకు ఒక నాణెం రూ. 10,000కు కొని రూ. 13,000కు అమ్మారు. లాభం రూ. 3,000. పన్ను రూ. 900, 4 శాతం సెస్సుతో రూ. 936. అదే ఏడాది మరొక నాణెంలో రూ. 4,000 నష్టం వచ్చిందనుకోండి. మొత్తం మీద చేతి నుండి రూ. 1,000 పోయింది. అయినా రూ. 936 పన్ను కట్టవలసిందే. చీటికి మాటికి కొని అమ్మే ఫోను అలవాటు ఎందుకు నష్టమో ఈ లెక్క చెబుతుంది.

నమోదు ఉన్నా పూచీ లేదు

నమోదు చూడడం అవసరం, కాని అది పూచీకత్తు కాదు. 2024 జూలై 18న మన దేశపు ఎక్స్‌చేంజ్ వజీర్‌ఎక్స్ నుండి 23 కోట్ల డాలర్లకు పైగా, అనగా సుమారు రూ. 2,000 కోట్ల విలువైన క్రిప్టో దొంగల పాలైంది. ఖాతాదారుల చెల్లింపులు నిలిచిపోయాయి. సింగపూరు హైకోర్టులో వ్యవహారం నడిచి, 2025 అక్టోబరులో గాని లావాదేవీలు మళ్ళీ మొదలు కాలేదు. యాప్ వాడినవారు, వెబ్ వాడినవారు సమానంగానే ఎదురు చూశారు. ఏడాదికి పైగా అందకపోయినా ఇల్లు గడిచేంత సొమ్మును మాత్రమే ఇందులో పెట్టాలన్నది ఆ ఘటన నేర్పిన పాఠం.

ఎంచుకొనే వరుస

1. చిట్టీ, ఫీజు, పెళ్ళి, వైద్యం, అప్పు సొమ్మును పక్కన పెట్టండి. మిగిలినది లేకపోతే ఇక్కడితో ఆగిపోండి.

2. ఎఫ్‌ఐయూ నమోదు ఉన్న ఎక్స్‌చేంజ్‌ను మాత్రమే చూడండి.

3. సొంత కంప్యూటరు ఉంటే వెబ్‌లో లావాదేవీ, ఫోనులో చూపు. లేకపోతే అధికారిక స్టోరు నుండి దింపిన యాప్, సొంత ఫోను.

4. ఓటీపీతో పాటు అథెంటికేటర్ యాప్ రక్షణ పెట్టుకోండి. సంకేతపదం మరెక్కడా వాడనిదై ఉండాలి.

5. అప్పు మీద వ్యాపారం చేయించే ఫ్యూచర్స్ జోలికి పోకండి. ధర కొంచెం ఎదురు తిరిగినా పెట్టినదంతా పోవచ్చు.

6. తొలి వారంలోనే కొద్ది మొత్తాన్ని బ్యాంకు ఖాతాకు వెనక్కి తెచ్చి చూడండి. సొమ్ము లోపలికి పోవడం పరీక్ష కాదు, బయటకు రావడమే పరీక్ష.

7. నెలకొకసారి జాబితాను దింపి భద్రపరచండి. ఖాతా ఉన్న సంగతి ఇంట్లో ఒకరికైనా చెప్పండి.

మోసం జరిగితే

వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ సైటులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఆలస్యం చేసిన ప్రతి గంటా సొమ్మును దూరం చేస్తుంది. బ్యాంకు లావాదేవీ సంఖ్యలు, సందేశాలు, తెర చిత్రాలు చెరిపివేయకండి. "పోయిన సొమ్ము తెచ్చిస్తాం" అంటూ తరువాత ఫోను చేసేవారు కూడా చాలా సార్లు ఆ ముఠాకు చెందినవారే.

ఊరిలోని తల్లిదండ్రులకు ఒక మనవి. భీవండి నుండి కొడుకు ఫోను చేసి డబ్బు పోయిందని చెబితే ముందుగా కోపపడకండి. తిడతారన్న భయంతో చెప్పకుండా దాచినవారు పోయిన సొమ్ము కోసం మళ్ళీ సొమ్ము పెడుతున్నారు. ఆ రాత్రి మీరు మాట్లాడే నాలుగు మంచి మాటలు, 1930కు వెంటనే ఫోను చేయించడం, మిగిలిన పగారునైనా కాపాడుతాయి.