భుజమునకు సూది, ముక్కునకు కావలి

2022 జనవరి 3వ తేదీన మన దేశమున 15 నుండి 18 సంవత్సరముల వయస్సు గలవారికి కోవిడ్ టీకా వేయుట ప్రారంభమైనది. కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణములలోని ఉన్నత పాఠశాలల పై తరగతుల వారును, జూనియర్ కళాశాలల వారును ఈ వయస్సువారే. వారికి నిర్ణయించిన టీకా కోవాగ్జిన్. హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ సహకారముతో దీనిని తయారుచేసినది. ఐదు దినములు గడచెనో లేదో, జనవరి 8న తెలంగాణలోని విద్యాసంస్థలకు సెలవు లిచ్చిరి. సంక్రాంతి సెలవులనుకొన్నవి నెలాఖరు వరకు సాగినవి. బడులు మరల తెరచినది ఫిబ్రవరి 1న. కారణము ఒమిక్రాన్. రెండు మోతాదులు పుచ్చుకొన్న పెద్దలకును జ్వరము, గొంతునొప్పి వచ్చినవి. సూది వేయించుకొన్నను సర్ది ఆగనప్పుడు దానివలన ఫలమేమి అను ప్రశ్న ఇంటింట పుట్టినది. ఇది తేలికగా త్రోసివేయదగినది కాదు. దీని చరిత్ర నూరేండ్లకు పైబడినది.

1918లో బొంబాయి రేవున దిగిన ఇన్‌ఫ్లుయెంజా రైలుమార్గముల వెంబడి దేశమంతట వ్యాపించి కోటిమందికి పైగా పొట్టనబెట్టుకొన్నది. సికింద్రాబాదు నుండి కామారెడ్డి, నిజామాబాదుల మీదుగా బొంబాయి మార్గమందలి మన్మాడును చేరు నిజాము రైలుమార్గము అప్పటికే యున్నది. నాటి వైద్యులలో పెక్కురు ఈ వ్యాధికి ఫైఫర్ కనుగొన్న బాక్టీరియా కారణమని నమ్మిరి. దానిని చంపి టీకాలు చేసి ప్రజలకు పొడిచిరి. దొంగ యొకడు, పట్టుబడినవాడు మరియొకడు! అసలు దొంగయగు వైరస్సును 1933లో ఇంగ్లండునందు విల్సన్ స్మిత్, ఆండ్రూస్, లెయిడ్లా అను ముగ్గురు వేరుచేసిరి. రోగుల గొంతు కడిగిన నీటిని ఫెరెట్ అను చిన్న జంతువుల ముక్కులలో వేయగా వాటికి జ్వరము, తుమ్ములు వచ్చినవి. ముక్కు ద్వారమున వచ్చు రోగమని ఆ ప్రయోగమే చెప్పినను, టీకా మాత్రము భుజమునకే పోయినది.

కోడిగ్రుడ్లలో పెంచి చంపిన వైరస్సుతో థామస్ ఫ్రాన్సిస్, జోనాస్ సాల్క్ మొదలగువారు అమెరికా సైన్యమునందు 1943లో పరీక్ష జరిపిరి. టీకా లేనివారిలో నూటికి ఏడుగురు జబ్బుపడగా, టీకా పొందినవారిలో సుమారు ఇద్దరు మాత్రమే పడిరి. అందరును సంతసించిరి. నాలుగేండ్లకే, 1947లో, అదే తరహా టీకా పొందినవారు పొందనివారితో సమానముగా మంచమెక్కిరి. వైరస్సు తన పైతొడుగు మార్చుకొన్నది. నాటినుండి నేటివరకు ఇన్‌ఫ్లుయెంజా టీకాను ఏటేట సరిచూచి మార్చుచునే యున్నారు.

అయితే వేషము మార్చుట ఒక్కటే కారణమా? ఇచ్చట తట్టు వ్యాధిని తలచుకొనవలెను. 2017 ఆగస్టులో తెలంగాణలో తొమ్మిది నెలల పసిబిడ్డలు మొదలు పదునైదేండ్ల లోపు పిల్లలందరికి తట్టు–రుబెల్లా టీకా వేసిరి; బడులలోనే సూదులు వేసినందున ఉపాధ్యాయులకిది బాగుగ జ్ఞాపకముండును. తట్టు వైరస్సును శ్వాసద్వారమునే వచ్చును. దాని టీకాయు సూదిమందే. పైగా 1954లో ఒక బాలుని నుండి తీసిన వైరస్సు సంతతియే నేటికిని వాడుకలో నున్నది. రెండు మోతాదులు పొందినవారిలో నూటికి 97 మందికి రక్షణ కలుగును. ఒకే ద్వారము, ఒకే సూది, ఫలితము మాత్రము వేరు!

భేదము ప్రయాణములో నున్నది. తట్టు వైరస్సు ముక్కు, గొంతులలో ఆగక శోషరస గ్రంథులకు, అచ్చటినుండి రక్తమునకు పోయి శరీరమంతట తిరుగును. దద్దు కనబడుటకు రెండు వారములు పట్టును. సూదిమందు వలన పుట్టు ఐజీజీ అను ప్రతిరక్షకములు రక్తములోనే కాపురముండును. నిద్రించు స్మృతికణములు మేల్కొనుటకు కావలసిన కొలది దినముల వ్యవధియు దొరకును. దొంగ ఇల్లంతయు దాటవలసి యున్నప్పుడు నట్టింటి కావలివాడు చాలును. ఇన్‌ఫ్లుయెంజా, కోవిడ్ వైరస్సులు అట్టివి కావు. అరుగుమీది చెప్పులు తీసికొని పోవు దొంగవలె అవి శ్లేష్మపు పొరమీదనే రెండు మూడు దినములలో వృద్ధిచెంది, తుమ్ముతో పొరుగువానిని చేరును. ఆ అరుగునకు కావలి రక్తములోని ఐజీజీ కాదు, శ్లేష్మములోనికి స్రవించు ఐజీఏ. భుజమునకు వేసిన సూది దానిని అంతగా పుట్టింపదు. సూది వేసిన కొత్తలో రక్తమున ఐజీజీ మెండుగా నుండి కొంత ముక్కువరకు ఊరును. కొలది నెలలలో అది తగ్గును. ఊపిరితిత్తుల లోపలి గదులకు మాత్రము రక్తమునుండి ఐజీజీ సులభముగ చేరును. ప్రాణము తీయునది ఆ లోపలి జబ్బే గదా.

కోవాగ్జిన్ మూడవ దశ పరీక్ష ఫలితములు ఈ మెట్లనే చూపుచున్నవి. 25,798 మందిపై జరిగిన ఈ పరీక్ష 2021 నవంబరులో లాన్సెట్ పత్రికలో వెలువడినది. తీవ్రవ్యాధి నుండి రక్షణ నూటికి 93.4 పాళ్లు, లక్షణములు గల వ్యాధినుండి 77.8, లక్షణములు లేని సోకుడు నుండి 63.6. లోపలినుండి వాకిటికి వచ్చుకొలది బలము తగ్గినది. ఇవి ఒమిక్రాన్‌కు పూర్వపు లెక్కలని మరువరాదు. అది వచ్చిన పిమ్మట క్రింది మెట్లు ఇంకను క్రుంగినవి. కావున 2022 జనవరిలో సూదిని నిందించినవారు దానికి చేతకాని పనిని దానినుండి ఆశించిరి. సూది వేసినచో రోగము దరిచేరదని ముందుగా చెప్పినవారిదియు తప్పే.

వాకిటి కావలి కొరకు హైదరాబాదులోనే ప్రయత్నము జరిగినది. అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయము నుండి పొందిన పద్ధతితో భారత్ బయోటెక్ ముక్కులో వేయు చుక్కల టీకాను చేసినది. దాని పేరు ఇన్‌కోవాక్. దాదాపు 3,100 మందిపై జరిగిన పరీక్షలో ప్రతిరక్షకములను కొలిచిరి. సోకుట ఎంత తగ్గినది, ఇతరులకు అంటుట ఎంత తగ్గినది అనునవి ఆ పరీక్షలో కొలువలేదు. 2022 సెప్టెంబరులో దీనికి అత్యవసర అనుమతి లభించినది. 2023 జనవరి 26న విడుదలయగు నాటికి ఒమిక్రాన్ సెలవుల పిదప బడులు తెరచి సంవత్సరము కావచ్చినది.