మోకాళ్లు, నడుం నొప్పులా? ఫుల్ సస్పెన్షన్ సైకిల్ కొనే ముందు ఇవి చూసుకోండి!

గౌతమి, వశిష్ఠ పాయల మధ్య ఉన్న కోనసీమలో కొండలు లేవు. అయినా అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు తారు రోడ్డు దిగి కాలువ గట్టు ఎక్కితే చాలు.. గుంతలు, కంకరే. వయసు పైబడిన వాళ్లకి ఆ కుదుపులు నేరుగా నడుముకి, మణికట్టుకి తగులుతాయి. ముందూ వెనకా షాక్ అబ్జార్బర్లున్న సైకిల్ ఈ కుదుపుల్ని తగ్గిస్తుంది. మరి ఎలాంటిది తీసుకోవాలి?

ట్రావెల్: గుంతలో పడ్డప్పుడు చక్రం పైకి కదిలే దూరం ఇది. గట్టు దారులకి 100 నుంచి 120 మి.మీ. సరిపోతుంది. 150 దాటినవి కొండ దారుల కోసం. ఇక్కడ బరువు తప్ప లాభం లేదు.

ఎయిర్ షాక్: మన బరువుని బట్టి గాలి నింపుకోవచ్చు. సీటుపై కూర్చుంటే వెనక షాక్ దాదాపు పావు వంతు దిగాలి. అంతకంటే గట్టిగా ఉంటే కుదుపు ఒంటికే తగులుతుంది.

లాకౌట్: తారు రోడ్డుపై ఊగకుండా షాక్‌ని బిగించే లివర్ ఇది. ఉందో లేదో అడగండి.

సీటు ఎత్తు: మోకాలికి షాక్ కన్నా ఇదే ముఖ్యం. పెడల్ కిందకి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగానే వంగాలి. సీటు మరీ తక్కువైతే మోకాలి చిప్పపై భారం పడుతుంది. తేలిక గేరులోనే తొక్కాలి.

చౌక రకాలతో జాగ్రత్త! అవి బరువెక్కువ, తొక్కిన బలమంతా ఊగడానికే పోతుంది. బడ్జెట్ చాలకపోతే ముందు మాత్రమే షాకులున్న మంచి సైకిల్, వెడల్పు టైర్లు మేలు. సముద్రపు గాలికి బేరింగులు తుప్పు పడతాయి కాబట్టి సర్వీసింగ్ మానొద్దు.

కీళ్ల వాపు ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి. తొక్కి చూశాకే డబ్బు కట్టండి.