కాలవ కింద పాలేరు

తణుకు, అత్తిలి, ఇరగవరం వైపు ఊళ్ళలో వయసు మళ్ళిన ఏ కామందునడిగినా తమ నాన్నగారి హయాంలో ఉన్న పెద్ద పాలేరు పేరు వెంటనే చెబుతారు. ఇంటిపేరు అడిగితే చాలామంది చెప్పలేరు. జీవితమంతా తమ గొడ్లనీ చేలనీ కనిపెట్టుకుని ఉన్న మనిషి ఆయన.

పాలేరుకు కోడి కూయకముందే తెల్లారేది. పశువులపాకలో పేడ తీసి, ఊడ్చి, గడ్డి వేసి, కుడితి పెట్టి, వెలుగు వచ్చేసరికి అరక కట్టుకుని చేలో ఉండాలి. నీళ్ళ వంతు వచ్చిన రాత్రి బోదె గట్టున కాపలా. కోతలయితే కుప్పలు, నూర్పిళ్ళు, బండి తోలకం. చద్దన్నం పెరటి గుమ్మం అవతల, తన ముంతలో. జీతం ఏడాదికింతని, చాలావరకు ధాన్యంలోనే. పెళ్ళికో చావుకో కామందు దగ్గర తెచ్చిన బాకీ ఆ జీతంతో తీరేది కాదు. తీరకపోతే మళ్ళీ ఏడూ అదే గుమ్మం. అప్పటికీ చాలకపోతే బడికి వెళ్ళాల్సిన కొడుకును గొడ్లు కాయడానికి పెట్టాలి. ఆ పిల్లవాడు చిన్న పాలేరయ్యేవాడు. పాలేర్లలో ఎక్కువమంది మాలపల్లె, మాదిగపల్లెలవాళ్ళే.

ఈ పాలేరుతనం ఎలా మొదలైందో చూడాలంటే ఈస్టిండియా కంపెనీ కాలానికి వెళ్ళాలి. మలబారులో, తమిళ జిల్లాల్లో సేద్యపు బానిసల్ని అమ్మేవాళ్ళు, తాకట్టు పెట్టేవాళ్ళు. తెలుగు జిల్లాల్లో అది అంత బాహాటంగా లేదు. ఇక్కడ అప్పూ కులమూ కలిసి ఆ పని చేశాయి. 1843 నాటి అయిదో చట్టంతో మనిషి మీద యాజమాన్య హక్కును కోర్టులు గుర్తించడం మానేశాయి. 1862లో శిక్షాస్మృతి అమల్లోకి వచ్చాక మనిషిని బానిసగా కొనడం, అమ్మడం నేరమైంది. బాకీ కింద కట్టుబడినవాడి గురించి మాత్రం ఆ చట్టాలు ఏమీ చెప్పలేదు. పైగా 1859లో వచ్చిన మరో చట్టం అడ్వాన్సు తీసుకుని పని మానేసిన కూలీని శిక్షించే వీలు కల్పించింది. ఒక చేత్తో విప్పిన ముడిని రెండో చేత్తో బిగించారు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాన్ని కట్టించిన కాటన్ దొరను గోదావరి జిల్లాలు దేవుడిగా కొలుస్తాయి, అందులో తప్పు లేదు. కాలవ నీరు పారిన పొలానికి ధర పెరిగింది, పంట పెరిగింది, దమ్ముకీ నాట్లకీ కోతలకీ మనుషుల అవసరం పెరిగింది. ఆ మనుషుల చేతికి పొలం మాత్రం రాలేదు. డెల్టా సంపద గురించి రాసేటప్పుడు మనం తేలిగ్గా దాటేసే సంగతి ఇదేనని నా ఉద్దేశం.

ఊళ్ళో దారి మూసుకుపోయినవాళ్ళకు రేవు కనిపించింది. మారిషస్‌లో 1835లో బానిసలకు విడుదల వచ్చాక వాళ్ళు చెరకు తోటల్లో ఉండటానికి ఇష్టపడలేదు. ఆ ఖాళీ నింపడానికి ఒప్పందపు కూలీలను పట్టుకెళ్ళారు. కోరంగి రేవు నుంచి ఓడెక్కిన తెలుగువాళ్ళు అందులో ఉన్నారు. తర్వాత బర్మా. కాకినాడలో స్టీమరెక్కి రంగూన్‌లో దిగి బియ్యం మిల్లుల్లో, రేవు మూటల కింద, రిక్షా బండ్ల ముందు నిలబడ్డారు. బర్మావాళ్ళు వాళ్ళను కోరంగీలన్నారు. చేసే పని, ఒంటి రంగు, పుట్టిన దేశం అన్నీ కలిసిన చిన్నచూపు అది. 1931 జనాభా లెక్కల నాటికి అక్కడ తెలుగువాళ్ళు లక్ష దాటారు. అంతకు ముందు ఏడాది మే నెలలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కాంట్రాక్టర్లు బర్మా కూలీలను దింపారు. సమ్మె తీరి తెలుగువాళ్ళు తిరిగి రాగానే బర్మావాళ్ళను పొమ్మన్నారు. మే 26న మొదలైన కొట్లాటల్లో వందమందికి పైగా చనిపోయారు. ఇద్దరూ పేదవాళ్ళే, మధ్యలో ఉన్నది ఒక్క పని. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక ఎందరో అడవుల వెంట నడిచి ఇంటిదారి పట్టారు.

ఊరు వదలనివాళ్ళకు తెరుచుకున్న మరో తలుపు మిషన్ బడి. 1836లో మన దేశానికి వచ్చి నర్సాపురంలో స్థిరపడిన మిషనరీలు బౌడెన్, బీర్ దంపతులు, 1854 నుంచి ఏలూరులో చర్చి మిషనరీ సొసైటీ (సీఎంఎస్) వాళ్ళు, ఇంకా లూథరన్లు అక్షరం నేర్పారు. దళితపేటల నుంచి తొలి ఉపాధ్యాయులు, నర్సులు, ఉపదేశులు ఆ బడుల నుంచే వచ్చారు. బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో పాలేరు కుర్రవాడు చదువుకుని అధికారి అవుతాడు. ఆ నాటకం చూసి పిల్లల్ని బడికి పంపిన పాలేర్లు ఉన్నారు. గోదావరి జిల్లాల్లో దానికి మించిన పేరు ఏ నాటకానికి రావాలి!

1947లో తణుకులో ఆంధ్రా షుగర్స్ వెలిసింది. చెరకు నరకడానికి, మోపులు కట్టి బళ్ళకెత్తడానికి చేతులు కావాల్సి వచ్చాయి. గేటు లోపలి ఉద్యోగానికి చదువు కావాలి, ఆ చదువు పాలేరు కొడుకుకు అప్పుడప్పుడే అందుతోంది.

వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. బాకీలు రద్దయ్యాయని కాగితం చెప్పింది. అసలు పాలేరును చేలోంచి పంపించింది ట్రాక్టరు. ఆ తర్వాత దినకూలీ, రిక్షా, రైసుమిల్లు హమాలీ. కౌలు చేద్దామన్నా ముందుగా డబ్బు కట్టమంటారు. ఆ రోజుల్లోనే కొల్లేటిలో సొసైటీల పేరిట పేదలకు చేపల చెరువులిచ్చారు. పెట్టుబడి లేక చాలా చెరువులు లీజు మీద డబ్బున్నవాళ్ళ చేతికి పోయాయి. 2006లో కొల్లేటి అయిదో కాంటూరు హద్దు లోపలి చెరువు గట్లు ప్రభుత్వం కొట్టేసినప్పుడు, చెరువు పేరు తమదైనా మేత వేసే కూలీగానే మిగిలినవాళ్ళ బతుకుతెరువు కూడా వాటితోపాటే పోయింది.

ఇప్పుడు పేటల నుంచి ఆడవాళ్ళు కువైట్ వెళుతున్నారు, ఖద్దామా (ఇంటిపని) వీసా మీద. యజమాని పూచీ మీద నడిచే కఫాలా పద్ధతిలో ఆ యజమాని ఒప్పుకోనిదే పని మారలేరు. ఇంటిపనివాళ్ళ పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని కువైట్ 2015లో చట్టం చేసింది. అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టి వెళ్ళిన మనిషికి మొదటి నెలల జీతం ఇక్కడి వడ్డీకే సరిపోతోంది.