లైసెన్సు లేని క్యూమెయిల్

"నెట్లో పెట్టేశాడంటే ఇంక అందరిదీ అనే కదా!" మా ఫీల్డులో ఈ మాట తరచూ వింటుంటాను. కోడ్ పక్కన లైసెన్సు ఫైలు లేకపోతే ఎలాగైనా వాడుకోవచ్చని మనవాళ్ళ ధీమా. చట్టం సరిగ్గా తిరగేసి చెబుతుంది. అమెరికాలో ఒకప్పుడు కాపీరైటు గుర్తు లేకుండా ప్రచురిస్తే హక్కు పోయే ప్రమాదం ఉండేది. 1989లో ఆ దేశం బెర్న్ ఒప్పందంలో చేరాక గుర్తూ గిర్తూ అక్కర్లేదు, రాసిన క్షణం నుంచీ హక్కు రాసినవాడిదే.

మరి కావాలనే లైసెన్సు వద్దన్నవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. డేనియల్ బెర్న్‌స్టీన్. 1990లలో మెయిల్ సర్వర్ అంటే సెండ్‌మెయిల్, దాన్నిండా సెక్యూరిటీ లొసుగులు. దానికి బదులుగా ఈయన క్యూమెయిల్ రాశాడు. అందులో లొసుగు చూపిస్తే 500 డాలర్లిస్తానని 1997లో పందెం కూడా కాశాడు! ఎన్‌క్రిప్షన్ కోడ్ ప్రచురించే హక్కు కోసం 1995లో అమెరికా ప్రభుత్వం మీదే కేసు వేసిన మనిషి, కాబట్టి చట్టం తెలీదనుకోలేం.

ఆయన వాదన ఏమిటంటే, కాపీ సక్రమంగా మీ చేతికొచ్చాక వాడుకోడానికీ, మీకు తగ్గట్టు మార్చుకోడానికీ, ఆ ప్యాచ్ పదిమందికీ పంచడానికీ నా అనుమతి దేనికి? బావుంది. నాకైతే ఇందులో తప్పేమీ కనపడదు. కానీ మార్చిన ప్రోగ్రాంని పంచే హక్కు మాత్రం ఆయన ఇవ్వలేదు. ఏ మెషీన్లో చూసినా క్యూమెయిల్ ఒకేలా ఉండాలని పట్టుదల. దాంతో డెబియన్ వాళ్ళు రెడీమేడ్ ప్యాకేజీ ఇవ్వలేక, సోర్సుని నాన్‌ఫ్రీ విభాగంలో పెట్టి మీరే కంపైల్ చేసుకోండన్నారు.

1998లో వచ్చిన 1.03 తర్వాత ఆయన కొత్త వెర్షన్ విడుదల చెయ్యలేదు. టీఎల్‌ఎస్ కావాలన్నా, పాస్‌వర్డ్‌తో లాగిన్ కావాలన్నా ఎవరెవరో రాసిన ప్యాచ్‌లే గతి. ఒకటి అతికిస్తే రెండోది అతకదు. అదే 1998లో ఐబీఎం నుంచి వీట్సా వెనెమా రాసిన పోస్ట్‌ఫిక్స్ లైసెన్సుతో సహా వచ్చి, హాయిగా డిస్ట్రిబ్యూషన్లలో చేరిపోయింది.

ఆఖరికి 2007 నవంబరులో బెర్న్‌స్టీన్ క్యూమెయిల్‌ని పబ్లిక్ డొమైన్‌లో పెట్టేశాడు. ఏం లాభం, అప్పటికే చాలామంది వేరే దారి చూసుకున్నారు.

ఆయనది పంతం. మనది బద్ధకం. గిట్‌హబ్‌లో లైసెన్సు లేని కోడ్ ఎంత పేరుకుపోయిందంటే, ఏ లైసెన్సు పెట్టుకోవాలో చెప్పడానికి 2013లో వాళ్ళే ఒక సైటు తెరవాల్సొచ్చింది. క్యూమెయిల్ సంగతంటారా, 2019లో కొందరు నాట్‌క్యూమెయిల్ పేరుతో, ఏళ్ళ తరబడి తలోచోటా పడున్న ఆ మార్పుల్ని ఒకచోటికి తెచ్చే పని మొదలుపెట్టారు.