అందుబాటు డిజిటల్ పత్రాలు

చూపు లేనివారు, చూపు మందగించినవారు, చేతులు సరిగా ఆడనివారు కూడా మరొకరి సాయం లేకుండా కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో చదువుకోగల ఫైళ్లను అందుబాటు పత్రాలంటారు. అక్షరాలు తెరమీద కనిపిస్తే చాలదు, అవి అక్షరాలేనని యంత్రానికీ తెలియాలి. స్కాన్ చేసి పెట్టిన జీవో ఎంత స్పష్టంగా ఉన్నా, తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అది వట్టి బొమ్మే.

అచ్చు పుటను చదివి వినిపించే యంత్రాన్ని రే కర్జ్‌వైల్ 1976లో తెచ్చారు. కారు ప్రమాదంలో చూపు పోయిన మాజీ మోటార్‌సైకిల్ రేసర్ టెడ్ హెంటర్ 1989లో జాస్ అనే స్క్రీన్ రీడర్‌ను అందించారు. అది ఖరీదైన సరుకు. ఆస్ట్రేలియాకు చెందిన అంధుడు మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ మాత్రం ఉచితం.

చదివే సాధనాలు వచ్చినా పత్రాలు దారికి రాలేదు. 1993లో అడోబీ తెచ్చిన పీడీఎఫ్ ఉద్దేశం వేరు: ఏ ప్రింటర్‌లో తీసినా పుట ఒకేలా ఉండాలి. ఏ అక్షరం పుటలో ఎక్కడుండాలో ఫైలుకు తెలుసు. ఏది శీర్షికో, ఏ వరుస తర్వాత ఏది చదవాలో తెలియదు. రెండు కాలమ్‌ల పుటలో ఎడమ వాక్యం సగంలో ఉండగానే కుడి వాక్యం వినబడేది అందుకే. 2001లో పీడీఎఫ్ 1.4తో ఈ సంగతులు చెప్పే ట్యాగులు వచ్చాయి. వాటిని ఎలా వాడాలో చెప్పే పీడీఎఫ్/యూఏ ప్రమాణానికి 2012 దాకా ఆగాల్సివచ్చింది.

తెలుగుకు అదనపు తంటా ఒకటుంది. డీటీపీ వారు ఏళ్ల తరబడి వాడిన పాత ఫాంట్లలో తెలుగు ఆకారాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. కంటికి చక్కని తెలుగు, చెవికి అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతమిచ్చే యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు చోటున్నా అచ్చు రంగం ఆ ఫాంట్లను తొందరగా వదల్లేదు. ఆ ఫైళ్లలోని పుస్తకాలను యూనికోడ్‌లోకి మార్చకుండా వినడం కుదరదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద 2017లో వచ్చిన నియమాలు, ప్రభుత్వ వెబ్‌సైట్లలో పత్రాలు ఈపబ్ అనే ఈ-పుస్తక రూపంలోగానీ, ఓసీఆర్‌తో (బొమ్మలోని అక్షరాలను గుర్తించే పద్ధతితో) చేసిన పీడీఎఫ్‌లోగానీ ఉండాలన్నాయి. ఓసీఆర్‌తో అక్షరాలు దక్కుతాయి. శీర్షికలూ పట్టికలూ వాటంతట అవే దక్కవు. అందుబాటు ప్రమాణాలకు సంబంధించిన 15వ నియమం సూచనలకే పరిమితమైందనీ, అది చట్టానికి విరుద్ధమనీ 2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ విచారణలో కోర్టుకు నివేదిక ఇచ్చింది హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం. తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించాలని కోర్టు కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది.